క్రేన్ సైగల మీద నడిచిన నోటి బ్యాండు

కొత్తగా ఖతార్‌లో దిగిన మన పిల్లలు శుక్రవారం ప్రార్థన అయ్యాక ఐన్ ఖాలిద్‌లోని మా ఇంటికి వస్తుంటారు. మా అమ్మాయి పెట్టే పులుసు అన్నం తిని, మర్యాద కోసం నన్ను కదిలిస్తారు. "ఇరవై రెండేళ్లు ఒకే కంపెనీలో ఏం చేశారంకుల్?" అంటారు. డాక్యుమెంట్ కంట్రోలర్‌గా చేశానంటే మొహమొహాలు చూసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. అది కాగితాలకు కాపలా ఉద్యోగం. సైట్‌కి వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేయాలి, అసలుది బీరువాలో పెట్టాలి, ఎవరడిగినా జెరాక్స్ ఇవ్వాలి. దేవుడు దిగివచ్చి అడిగినా అసలు కాగితం గది దాటకూడదు. ఈ నియమం విషయంలో నేనెంత మొండివాణ్ణో మా మేనేజర్లందరికీ తెలుసు.

నేను చెప్పబోయేది ఈ ఉద్యోగం గురించి కాదు. అదే ఉద్యోగంలో ఉంటూ ఏడు నెలలపాటు నేనొక పాటల జట్టులో పాడాను. వాయిద్యాలు లేవు, నలుగురి నోళ్లు తప్ప. ఆ ఏడు నెలల్లో విన్నది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో నేను చేసిన వెధవపని తలుచుకుంటే తల వంగిపోతుంది. రెండూ చెబుతాను.

అప్పట్లో మా కంపెనీ అల్ ఘర్రాఫాలో ఒక బడికి పెద్ద ఆడిటోరియం కడుతోంది. జూన్ మొదట్లో పైకప్పు ఇనుప దూలాలు ఎత్తుతున్నారు. ఎత్తించేవాణ్ణి రిగ్గర్ అంటారు. క్రేన్ నడిపేవాడు పైన గూట్లో కూర్చుంటాడు, అతనికి కింద ఏముందో సరిగా కనపడదు. రిగ్గర్ కింద నిలబడి చేతులతో సైగలు చేస్తాడు. వేలు పైకి చూపి తిప్పితే లేపమని, కిందికి చూపి తిప్పితే దించమని. సైగ చేసే చేతిముందు రెండో అరచెయ్యి అడ్డం పెడితే మెల్లగా అని. రెండు చేతులూ పక్కలకు బారచాపితే ఉన్నపళంగా ఆపమని. ఇందులో ఒక కట్టుబాటు ఉంది. లేపమనీ దించమనీ ఒక్క రిగ్గరే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరు చెప్పినా ఆపాలి. టీ పోసేవాడు చెప్పినా సరే.

మా రిగ్గర్ జగిత్యాల వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ. నేను గోదావరి జిల్లావాణ్ణి, ఆఫీసువాణ్ణి కాబట్టి నన్ను "సారూ" అనేవాడు.

ఆ రోజు పొద్దున రెండో దూలం గాల్లో ఉండగా షమాల్ గాలి లేచింది. నిమిషంలో దుమ్ము కమ్మేసింది. దూలం కింద అంతకుముందు రోజు బిగించిన దూలం ఉంది కాబట్టి దించడానికి లేదు. గాలికి ఊగుతోంది కాబట్టి లేపడానికీ లేదు. ఎక్కడున్నది అక్కడే నిలబెట్టి గాలి తగ్గేదాకా ఆగాలి. నాలుగు తాళ్లు పట్టుకుని నలుగురు మనుషులు దాన్ని తిరక్కుండా ఆపుతున్నారు. దుమ్ములో చేతులు కనపడవు, ఇక వాకీటాకీలో మాటే దిక్కు. ఆఫీసులో నా బల్ల మీద కూడా ఒక సెట్టు ఉండేది.

పైనున్న క్రేన్ ఆపరేటర్ వయసు మళ్లిన పెషావర్ మనిషి. అందరూ చాచా అనేవారు. ఆయన గొంతు వణకడం నాకు సెట్‌లో వినిపించింది. "కుఛ్ నజర్ నహీ ఆ రహా" అంటున్నాడు. ఏమీ కనపడటం లేదట. చెయ్యి వణికి లివర్ ఒక్క అంగుళం కదిలితే కింద నలుగురి ప్రాణాలు పోతాయి. అప్పుడు రిగ్గర్ గొంతు వచ్చింది. "చాచా, హిల్నా నక్కో. మై గాతా హూఁ, తుమ్ సున్నా. జబ్ తక్ గాతా, తబ్ తక్ సబ్ ఠీక్." కదలొద్దని, తాను పాడుతున్నంతసేపూ అంతా బాగున్నట్టేనని ధైర్యం చెప్పి, పాట ఎత్తుకున్నాడు.

బతుకమ్మ పాట బాణీ. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడతారే, ప్రతి పాదం చివరా ఉయ్యాలో అని వస్తుంది, అది. మాటలు మాత్రం అప్పటికప్పుడు అతనే కడుతున్నాడు. గాలికి చెబుతున్నాడు, దూలానికి చెబుతున్నాడు, తాళ్లు పట్టుకున్నవాళ్ల పేర్లు పెట్టి చెబుతున్నాడు. నేను చిన్నప్పటినుంచీ చర్చి క్వయర్‌లో పాడినవాణ్ణి, స్వరం అంటే ఏమిటో తెలుసనుకునేవాణ్ణి. అంత గాలిలో, అంత భయంలో, ఒక్క స్వరం జారకుండా ఇరవై నిమిషాలు పాడిన గొంతు నేనదివరకు వినలేదు. నా చేతిలో రబ్బరు స్టాంపు అలాగే ఉండిపోయింది. గాలి తగ్గింది, దూలం దిగాల్సిన చోట దిగింది. ఒక్కడికీ గీత పడలేదు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసర్ దగ్గర్నుంచి రిగ్గర్‌కి వార్నింగ్ లెటర్ వచ్చింది. వాకీటాకీలో పని మాటలు తప్ప మరేమీ రాకూడదని రూలు. ఇరవై నిమిషాలు పాట పాడినందుకు హెచ్చరిక. ఇంగ్లీషులో నీట్‌గా, కంపెనీ ముద్రతో. దానికి నంబరు వేసి ఫైల్ చేసింది నేనే. రిగ్గర్ వచ్చి తెలుగులో సంతకం పెట్టాడు.

"ఏం రాసిండ్రు సారూ?"

"నువ్వు పాట పాడావని రాశారయ్యా."

"అబద్ధం రాయలే గదా," అని వెళ్లిపోయాడు.

ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం బయట పని నిషేధం. ఆ విరామంలో నేను అతన్ని వెతుక్కుంటూ బేస్‌మెంట్‌కి వెళ్లాను. నా వెనకే మా ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్ వచ్చాడు. ఫిలిప్పీన్స్ మనిషి, నా బల్ల పక్కనే కూర్చునేవాడు, ఆ పాట అతనూ విన్నాడు. అతని బాధ వేరే. "ఆ చివర మాట ఉందే, ఉయ్యాలో, దానికి అర్థమేంటి?" అని రెండు రోజులుగా నన్ను తినేస్తున్నాడు. ఊయల అని చెప్పాను. "అయితే వెనకాల పాడేవాళ్లు ఎక్కడ?" అన్నాడు.

అప్పుడు చెప్పాడు డూవాప్ గురించి. ఎప్పుడో అమెరికా పట్నాల్లో వాయిద్యాలు కొనుక్కోలేని కుర్రాళ్లు వీధి మలుపుల్లో, మెట్లకింద, గొంతు మోగే చోటల్లా నిలబడి పాడేవారట. ఒకడు పాట అందుకుంటే మిగతావాళ్లు వెనక నుంచి అర్థం లేని అక్షరాలతో డోలూ, తీగలూ అన్నీ నోటితోనే నింపేవారట. వాళ్ల నాన్న దగ్గర ఆ రికార్డులు ఉండేవి. "చాలా జట్లు ఒక్క పాటతో, ఒక్క ఏడాదితో పోయాయి. కానీ ఆ ఒక్క పాట వినాలి" అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

నేను తెలుగులో చెబితే రిగ్గర్ నవ్వాడు. "మా అమ్మ పాడుతుంటె ఎన్కకెళ్లి నలబై మంది ఆడోళ్లు ఉయ్యాలో అంటరు సారూ. గదేనా?"

"గదే" అన్నాను, అతని మాటే నా నోట్లోకి వచ్చేసింది.

బేస్‌మెంట్ తాళాలు కెన్యా సెక్యూరిటీ గార్డు దగ్గర ఉండేవి. మేము పాడుతుంటే తాళాలు తిప్పుకుంటూ వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వెళ్లగొడతాడనుకున్నాం. రిగ్గర్ పాదం పూర్తికాగానే అతను నోరు తెరిచి అడుగున "ఉయ్" అన్నాడు. ఆ ఒక్క అక్షరానికి నా చేతిలో ఉన్న నీళ్ల సీసా వణికింది. నిజంగా వణికింది, నీళ్లలో వలయాలు చూశాను. అలా నలుగురమయ్యాం. ముందు రిగ్గర్, పైన సన్నగా డ్రాఫ్ట్స్‌మన్, అడుగున గార్డు, మధ్యలో నేను.

కలవడం అయితే కలిశాం గానీ, కలిసి పాడటం రాలేదు. నలుగురివీ మూడు దేశాలు, మూడు భాషలు. నేను ఇంగ్లీషులో లెక్క చెబుతాను, గార్డు అప్పటికే మొదలెట్టేస్తాడు. డ్రాఫ్ట్స్‌మన్ కళ్ళు మూసుకుని ఎక్కడికో ఎక్కిపోతాడు, దిగడు. వారం రోజులు ఎవడి కూత వాడిదే. ఒకరోజు రిగ్గర్‌కి విసుగొచ్చింది. మా ముందుకొచ్చి నిలబడి, వేలు పైకెత్తి తిప్పాడు. ఆలోచించకుండానే ముగ్గురమూ స్వరం పెంచాం. అరచెయ్యి అడ్డం పెట్టాడు. మెల్లగా పెంచాం. కిందికి చూపాడు. దిగాం. బారచాపాడు. ఆగాం. ఆగిన తర్వాత బేస్‌మెంట్‌లో మా గొంతులు ఇంకాసేపు వాటంతట అవే తిరిగాయి. గార్డు మెల్లగా "వల్లాహ్" అన్నాడు. అతను క్రైస్తవుడే, దేవుడి మీద ఒట్టు అనే ఆ అరబ్బీ మాట ఈ దేశంలో ఉండి ఉండి అలవాటైంది.

సైట్‌లో పనిచేసే ప్రతివాడికీ ఆ సైగలు మొదటి వారంలోనే నేర్పుతారు. కంపెనీ మా కోసం ఒక భాషను ముందే తయారుచేసి పెట్టింది, మాకే తట్టలేదు.

మెస్‌లో మొదటిసారి పాడినప్పుడు వంటవాడు మాకు "నోటి బ్యాండు" అని పేరు పెట్టాడు. అది వెక్కిరింపే. తెలంగాణ కుర్రాళ్లయితే రిగ్గర్‌ని పట్టుకుని, "ఆడోళ్ల పాటలు పాడుతున్నవు, గాజులు గూడ తొడుక్కోరాదు?" అన్నారు. రెండో శుక్రవారం వాళ్లే పళ్లేలు పక్కన పెట్టి ఉయ్యాలో అన్నారు. అల్ ముంతజాలో మనవాళ్ల పుట్టినరోజు విందుకు పిలిచారు. "ట్రాక్ పెట్టండి, ట్రాక్ ఏదీ?" అని మైకు అతను మా వెంటపడ్డాడు. ట్రాక్ లేదంటే జాలిపడ్డాడు. గార్డు గొంతు విన్నాక బిర్యానీ దగ్గర వరుస ఆగిపోయింది. మా అమ్మాయి ఆ రోజు నన్ను కొత్తగా చూసింది. రిగ్గర్ భార్యకు ఫోన్‌లో వినిపిస్తే, "దుబాయ్‌ల పాటలు గూడ పాడిపిస్తరా?" అందట. ఆవిడకు ఖతార్ కూడా దుబాయే.

ఎప్పటినుంచో గుర్తులేదు గానీ, అతను నన్ను సారూ అనడం మానేసి "అన్నా" అనసాగాడు.

డిసెంబర్‌లో హాలు పూర్తయింది. జనవరిలో అప్పగింత. ప్రాజెక్టుతోపాటే రిగ్గర్ కాంట్రాక్టూ అయిపోతుంది, శనివారం విమానం. అంతకుముందు గురువారం సాయంత్రం ఆ హాల్లోనే పనివాళ్లందరికీ కంపెనీ ఒక సభ పెట్టింది. బడివాళ్లు, క్లయింటు, పెద్దలందరూ వస్తారు. మా పాట కూడా ఉంది. ఆ మాట చెప్పినప్పుడు రిగ్గర్ పైకప్పు వైపు చూశాడు.

"అన్నా, పద్నాలుగేండ్లాయె వచ్చి. ఎన్ని కప్పులు లేపిన్నో లెక్క లేదు. లేపుడు అయినంక గేటు బయటికి పంపుతరు. ఏ కప్పు కింద గూడ నిలవడి ఒక్క మాట మాట్లాడలే. గీ ఒక్కదాని కింద పాడి పోత."

అతను నోరు తెరిచి ఏదైనా కోరుకోవడం నేను విన్నది అదే మొదటిసారి. విని కూడా నేనేం చేశానో చెబుతాను.

అడ్మిన్ మేనేజర్ పిలిచి ఏం పాడతారని అడిగాడు. పెద్దవాళ్లు వస్తున్నారు కదా, కాస్త చూసుకోండి అన్నాడు. అంతే అన్నాడు. ఇంగ్లీషు పాట పాడమని ఆయన అడగలేదు. నేనే అన్నాను. పైగా నేనే ముందు నిలబడి పాడతానన్నాను. ముప్పై ఏళ్ల క్వయర్ మనిషిని, ఏడు నెలలుగా ఒకడి వెనక నిలబడి ఉయ్యాలో అంటున్నాను. పెద్దలముందు ఒక్కసారి నా గొంతు వినిపించాలనిపించింది. కళ్ళు నెత్తికెక్కడం అంటే ఇదే. రిగ్గర్‌తో మాత్రం మేనేజర్ కోరాడని చెప్పాను.

"మీ ఇష్టం సారూ," అన్నాడు. "నేను సైగలు చేస్త."

ఆ "సారూ" నాకు వినపడింది. విననట్టు నటించాను.

గురువారం హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో పెద్దలు, వెనకంతా ఉతికిన కవరాల్స్‌లో మనవాళ్లు, నేపాలీలు, బెంగాలీలు. చాచా నాలుగో వరుసలో కూర్చున్నాడు. మేము ముగ్గురం వేదిక మీద జనం వైపు తిరిగి నిలబడ్డాం. రిగ్గర్ మాకు ఎదురుగా, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. తాను లేపిన కప్పు కింద, నోరు మూసుకుని.

నేను పాట ఎత్తుకున్నాను. కంగారులో బాగా పై శ్రుతిలో ఎత్తుకున్నాను. మొదటి చరణం ఎలాగో లాక్కొచ్చాను. రిగ్గర్ వేలు కిందికి చూపి తిప్పాడు. దించమని. నేను చూశాను, దించలేదు. మళ్లీ చూపాడు. పెద్దలముందు దిగడమేమిటని ఇంకా పైకి వెళ్లాను. రెండో చరణంలో ఎక్కాల్సిన మెట్టు ఒకటుంది, అక్కడ నా గొంతు పగులుతుందని నాకంటే ముందు అతనికి తెలిసిపోయింది. ఇంకొక్క అక్షరంలో నలుగురిలో పరువు పోతుంది.

అతను రెండు చేతులూ బారచాపాడు.

ఆగిపోయాం. మేమొక్కళ్లమే కాదు. అతని వీపు వైపున్న నాలుగైదు వందలమందికి కూడా ఆ చాచిన చేతులు కనపడ్డాయి. వాళ్లంతా ఏళ్ల తరబడి ఆ సైగకు ప్రాణాలు అప్పగించినవాళ్లు. గుసగుసలు ఆగాయి. సమోసా నోటిదాకా తెచ్చుకున్నవాడి చెయ్యి అక్కడే ఆగింది. నడిమి దారిలో టీ ట్రే పట్టుకుని నడుస్తున్నవాడు ఒక కాలు ముందుకు వేసి అలాగే నిలబడిపోయాడు. చాచా కుడి చెయ్యి కుర్చీ చేతిమీద లేని లివర్‌ను బిగించి పట్టుకుంది. ఏం జరిగిందో తెలియని పెద్దలు కూడా ఊపిరి బిగబట్టారు. అంత పెద్ద హాల్లో ఏసీ చప్పుడు తప్ప మరేమీ లేదు. నేను చర్చిల్లో ఎన్నో నిశ్శబ్దాలు చూశాను. మనుషులంతా కలిసి ఒక మనిషి చేతికి ఇచ్చిన అలాంటి నిశ్శబ్దం మళ్లీ చూడలేదు.

అతను మెల్లగా చేతులు దించాడు. నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. గాల్లో చిక్కుకున్న బరువును ఎలా చూస్తాడో అలా చూశాడు. నేను ఒక అడుగు వెనక్కి వేసి, మధ్యలో నా చోట నిలబడ్డాను. అతను జనం వైపు తిరిగి, తల పైకెత్తి, పాడాడు.

"లేచినావే దూలమా ఉయ్యాలో, లెక్క దప్పకుండ ఉయ్యాలో.
గాలి దుమ్ముల నిలిచి ఉయ్యాలో, మము గాచినావె ఉయ్యాలో."

రెండో పాదానికి గార్డు అడుగు నుంచి వచ్చాడు. కుర్చీలు మోగాయి. డ్రాఫ్ట్స్‌మన్ పైనుంచి వచ్చాడు. నేను నోరు తెరవలేదు, తెరిచే మొహం లేదు. అతను పాడుతూనే రెండు చేతులూ వెనక్కి పెట్టి, నాకు మాత్రమే కనపడేలా వేలు పైకి చూపి తిప్పాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు. లేపు, మెల్లగా.

ఉయ్యాలో అన్నాను. జీవితంలో నేను పాడిన ఒకే ఒక్క మంచి స్వరం అదేననుకుంటాను. వెనక వరుసల్లోంచి జగిత్యాల, నిర్మల్ కుర్రాళ్లు అందుకున్నారు. తర్వాత నేపాలీలు. తర్వాత ఎవరెవరో. ఊయల అంటే ఏమిటో తెలియని వందలమంది ఉయ్యాలో అంటుంటే, ఆ శబ్దం పైకి వెళ్లి, ఆ ఇనుముకు తగిలి, వానలా మా మీదకు దిగింది. నాకు కన్నీళ్లు ఆగలేదు.

చప్పట్లు కొడుతుంటే అతను దండం పెట్టలేదు. ఇంకా పైకే చూస్తున్నాడు. నా మోచెయ్యి పట్టుకుని, "ఇన్నవా అన్నా?" అన్నాడు. "రెండో దూలం కాడికి పోయి మర్లి అచ్చింది గొంతు."

తర్వాత మేనేజర్ వచ్చి నా చెయ్యి ఊపేశాడు. "మధ్యలో ఆపారు చూడండి, అది అద్భుతం. ముందే అనుకున్నారా?" అని అడిగాడు. అవునన్నాను. రిగ్గర్ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. అప్పుడు అతనికి నిజం చెప్పాను, ఇంగ్లీషు పాట మేనేజర్ కోరలేదని, నా దురదేనని.

"ఎరుకే అన్నా," అన్నాడు. "మేనేజర్ నాతోనే అన్నడు, మీ ఉయ్యాలో పాట బాగుంటదని. నువ్వు గూడ ఒక్కపారి ముంగట నిలవడాలె గదా అని ఊకున్న."

 

డూవాప్ జట్లు ఒక్క పాటతో పోతాయని డ్రాఫ్ట్స్‌మన్ చెప్పినట్టే అయింది. నెల తిరక్కుండా అతను వేరే కంపెనీకి మారాడు. గార్డును అల్ ముంతజాలో ఏదో షాపుకు వేశారు. కొన్నాళ్లు కలుసుకునేవాళ్లం, ముగ్గురం పాడితే మాకు ముందు ఖాళీ వినపడేది. మానేశాం. మీకు నేను చెప్పేదల్లా ఒక్కటే. మీ సైట్‌లో, మీ క్యాంప్‌లో మాట తక్కువ మనిషి ఎవడైనా ఉంటే, వాడి గొంతు ఒకసారి వినండి. వినేటప్పుడు వాడి ముందుకెళ్లి నిలబడకండి.

ఆ సభ మర్నాడు, శుక్రవారం, ఆఫీసుకు సెలవు. అయినా తాళం తీయించాను, రిగ్గర్ వస్తానన్నాడని. వచ్చి, బీరువా ముందు మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"అన్నా, గా వార్నింగ్ లెటర్ ఉన్నదా?"

"ఉంది. అది నీ ఫైల్‌తోనే ఆగిపోతుంది, నీకేం ఇబ్బంది రాదులే."

"గందుకు గాదు. నాకు గావాలె. పాడినట్టు వీడియోలు అందరి ఫోన్లల్ల ఉన్నయి. కంపెనీ ముద్ర గొట్టి, నేను పాడిన్నని రాసిచ్చిన కాయితం గదొక్కటే గదా."

జెరాక్స్ మిషన్ ఆన్ చేశాను. ఒక కాపీ తీశాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నా గదిలోంచి బయటకు వెళ్లిన అసలు కాగితం అదొక్కటే. ఫైల్‌లో ఇప్పటికీ జెరాక్సే ఉంది.